మాయలోకానికి తప్పొప్పుల పట్టిక

మాయలూ మంత్రాలూ ఉన్న నవల రాస్తున్నానని ఎవరితోనైనా అంటే, వెంటనే వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "అందులో ఏదైనా జరగొచ్చు కదా, ఇంకా తిరగరాయడానికేముంది?" చాలామంది దీన్ని సరదాకే అడుగుతారు. నాకు మాత్రం ఫాంటసీ గురించి అడగదగ్గ ప్రశ్నల్లో ఇంతకన్నా గట్టిది ఇంకోటి కనిపించలేదు.

మామూలు నవలలో తప్పు పట్టుకోవడం తేలిక. కోరుట్ల నుంచి వేములవాడకి పోయే రోడ్డు మా రుద్రంగి మీదుగా పోతుంది. ఆ బస్సుని ఎవరైనా ఒక కథలో ధర్మపురి మీదుగా తిప్పితే మా ఊళ్ళో బడిపిల్లలు కూడా నవ్వుతారు. 2016 అక్టోబర్‌కి ముందు జరిగే కథలో మా ఊరిని రాజన్న సిరిసిల్ల జిల్లాలో పెట్టినా తప్పే. అప్పటికి మాది కరీంనగర్ జిల్లా, చందుర్తి మండలం. కథ బయట ఒక లోకం ఉంది, దాన్ని పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు. ఫాంటసీకి ఆ సౌకర్యం లేదు. మా చెరువు అడుగున ఏడంతస్తుల మేడ ఉందని నేను రాస్తే ఎవరూ మునిగి చూసి రారు. ఏడు కాదు, తొమ్మిది అని రెండో డ్రాఫ్టులో మారిస్తే ఏది తప్పు, ఏది ఒప్పు? దేన్ని చూసి దిద్దినట్టు?

ఆనందవర్ధనుడు కవిని ప్రజాపతి అన్నాడు, కావ్యలోకం అతనికి ఎలా ఇష్టమైతే అలా తిరుగుతుందని. వినడానికి బావుంటుంది. కానీ అర్ధరాత్రి లాప్‌టాప్ ముందు కూర్చున్న ప్రజాపతికి అసలు కష్టం ఆ ఇష్టం దగ్గరే మొదలవుతుంది. నిన్నటి ఇష్టం ఒకటి, ఇవాళ్టి ఇష్టం ఇంకోటి. రెండింట్లో దేన్ని నమ్మాలి?

ఇంజనీరుగా నాకు మొదట తోచిన జవాబు ఒకటుంది: నియమాలు. లోకం కల్పితమే కావొచ్చు, దాని నియమాలు మాత్రం అటూ ఇటూ కాకూడదు. మూడో అధ్యాయంలో మంత్రగాడు నీటిని దాటలేడని చెప్పి పదిహేనో అధ్యాయంలో వాణ్ణి వాగు దాటిస్తే అది తప్పు. అప్పుడు లోకం తనతో తానే పోట్లాడుతున్నట్టు. అంటే ఫాంటసీ నవలని సరిచూసుకోడానికి బయటి లోకం అక్కర్లేదు, ఆ నవలే చాలు. అందుకే నా నవలకి ఒక స్ప్రెడ్‌షీట్ ఉంది. ఏ మాయ ఎవరికి వచ్చు, దానికి ఖరీదేమిటి, ఏ అధ్యాయంలో మొదటిసారి చెప్పాను, అన్నీ వరసల్లో.

ఈ జవాబు తీసిపారేయాల్సింది కాదు. తెలుగులో దీనికి మంచి సాక్ష్యం చందమామ సీరియళ్ళు. దాసరి సుబ్రహ్మణ్యం 1950ల్లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా నెలనెలా ఒక మాయలోకాన్ని నడిపించాడు. 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', పేర్లు వింటేనే ఒక తరం కళ్ళు మెరుస్తాయి. నెలవారీ సీరియల్ రాసేవాడికి మనలాగా వెనక్కి వెళ్ళి దిద్దే వీలు లేదు. పోయిన నెల అచ్చయిన భాగం ఇళ్ళల్లో ఉంటుంది, పిల్లల చేతుల్లో ఉంటుంది. వీరుణ్ణి లోయ అంచున వేలాడదీసి నెల ముగిస్తే, వచ్చే నెల ఆ లోయ అక్కడే ఉండాలి. రచయిత తన మాటకి తానే కట్టుబడక తప్పదు. సీరియల్ రచయితకి మొదటి డ్రాఫ్టే చట్టం.

అయితే నియమాలన్నీ సరిపోయినా అధ్యాయం చచ్చి పడి ఉండటం నాకు బాగా తెలిసిన అనుభవం. స్ప్రెడ్‌షీట్‌లో ఎర్రగడి ఒక్కటీ ఉండదు, చదివితే మాత్రం ఉప్పులేని పప్పు. సాఫ్ట్‌వేర్‌లో రీఫాక్టరింగ్ అని ఒక పని ఉంటుంది. ప్రోగ్రాం బయటికి చేసే పనిని మార్చకుండా లోపలి అమరికని మాత్రం శుభ్రం చేయడం. నవలకి మనం చేసే మొదటి దిద్దుబాట్లు చాలావరకు ఇవే. వాక్యాలు తగ్గించడం, అధ్యాయాల వరస మార్చడం, ఒక పాత్రని ఇంకో పాత్రలో కలపడం. వీటిలో నైతిక సమస్యేమీ లేదు. అసలు తిరగరాత ఇంకోటి. అందులో కథ చేసే పనే మారుతుంది. చచ్చినవాడు బతుకుతాడు, బతికినవాడు చస్తాడు. ఆ పనికి ఏ టెస్టూ రాయలేం. నియమాల జవాబు సరిగ్గా అక్కడ ఆగిపోతుంది.

ఎక్కడ ఆగిందో చెప్పాలంటే నా నవల సంగతి కొంచెం చెప్పాలి.

మా వైపు వలస గురించి ఒక పాత మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మూడు తరాల బతుకుదెరువు మూడు మాటల్లో. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల గల్ఫ్‌కి మనిషిని పంపని వాడకట్టు వెతికినా దొరకడం కష్టం. నా నవలలో దుబాయి లేదు. ఇసుకసంద్రం ఉంది. ఒక ఊరి మగవాళ్ళు ఆ ఇసుకసంద్రం మీదికి పనికి పోతారు. పోయే ముందు ఊరి పొలిమేరలో నీడని కోసి ఇంట్లో వదిలి వెళ్ళాలి. నీడ ఉన్నవాణ్ణి ఆ ఇసుక మోయదు. మనిషి అక్కడ పనిచేస్తుంటే నీడ ఇక్కడ ఇంట్లో ఉంటుంది. నీళ్ళు తోడుతుంది, గొడ్డుకి గడ్డి వేస్తుంది, మాట్లాడదు. నీడని ఒక్కసారే కోయగలరు, అది నియమం. స్ప్రెడ్‌షీట్‌లో నాలుగో వరస.

మొదటి డ్రాఫ్టులో ఒకడు పన్నెండేళ్ళ తర్వాత తిరిగొస్తాడు. నీడ పరుగెత్తుకెళ్ళి కాళ్ళకి అతుక్కుంటుంది. భార్య ఏడుస్తుంది, ఊరంతా డప్పులు కొడుతుంది. రెండో డ్రాఫ్టులో అతను రాడు. ఒక తెల్లవారుజామున ఇంట్లో నీడ కనబడదు, దాంతో ఆమెకి తెలిసిపోతుంది. రెండు ముగింపులూ నియమాల ప్రకారం తప్పులేనివే. స్ప్రెడ్‌షీట్ రెండింటికీ ఒప్పుకుంది. మిత్రుల్లో కొందరికి మొదటిది నచ్చింది, సాహిత్యం ఎక్కువ చదివినవాళ్ళకి రెండోది నచ్చింది. అంతకుమించి తేల్చే దారి లేదు.

ఊరికి పోయినప్పుడు మా వాడకట్టులో చిన్నమ్మ వరసయ్యే ఒకామెకి ఈ కథ నోటితో చెప్పాను. ఆమె భర్త చాలా ఏళ్ళు అక్కడ పనిచేసినవాడే. ఆమె నవలలు చదవదు. ఒగ్గుకథ విన్నట్టు విన్నది, మధ్యలో ప్రశ్నలు వేస్తూ. రెండు ముగింపులూ చెప్పి ఏది బాగుందని అడిగితే ఆమె రెండింటినీ పట్టించుకోలేదు.

"వచ్చుడైతే వస్తడు బిడ్డా. వచ్చి ఎన్నొద్దులుంటడు?"

"అంటే, చిన్నమ్మా?"

"రెండు నెలలకు మళ్ళ పోవాలె గదా. మళ్ళ పోయేటప్పుడు ఆ నీడనేం జేస్తడు?"

ఎడిటర్ ఎవరూ అడగని ప్రశ్న అది. గల్ఫ్ పోయినవాళ్ళలో ఎక్కువమంది శాశ్వతంగా తిరిగిరారు, శాశ్వతంగా పోరు కూడా. సెలవు మీద వస్తారు. అత్తరు, చాక్లెట్లు, పిల్లలకి కొలత సరిపోని చొక్కాలు తెస్తారు. ఇంటికి అలవాటు పడేలోపు టికెట్ తేదీ వచ్చేస్తుంది. పిల్లలకి బాపు అంటే ఏడాదికో రెండేళ్ళకో వచ్చే చుట్టం. నా రెండు ముగింపులూ లెక్క మూసేసేవే. ఒకటి లాభంతో మూసింది, ఒకటి నష్టంతో. ఆమె ప్రశ్నతో ఆ లెక్క తెరుచుకుంది.

చిక్కేమిటంటే ఆ ప్రశ్న నాలుగో వరసకి అడ్డం వచ్చింది. నీడని ఒక్కసారే కోయగలరు అన్న నియమం ఉంటే అతను రెండోసారి పోలేడు. నియమాన్ని మారిస్తే పదకొండు అధ్యాయాలు మారాలి. మా సిరిసిల్ల భాషలో చెప్పాలంటే, పేక మారిస్తే రంగు మారుతుంది, పడుగు మార్చాలంటే మగ్గం మీదున్నదంతా దించాలి. దించాను. ఇప్పుడు నీడని మళ్ళీ మళ్ళీ కోయొచ్చు, కాకపోతే ప్రతిసారీ నొప్పి పెరుగుతుంది, ప్రతిసారీ అతుకు కొంచెం తక్కువ పడుతుంది. అతను వచ్చేసరికి పిల్లలు నీడనే బాపు అనడం అలవాటు చేసుకుని ఉంటారు. అది మిట్టమధ్యాహ్నం తప్ప అతని కాళ్ళ దగ్గరికి రాదు.

ఇక్కడ నా మొదటి ప్రశ్నకి జవాబు సగం దొరికిందనుకుంటున్నాను. లోకం తనతో తాను పొసగితే చాలు అన్న సిద్ధాంతం ప్రకారం నాలుగో వరసని మార్చడానికి కారణమే లేదు. అది ఎక్కడా ఏ నియమంతోనూ పోట్లాడలేదు. దాన్ని మార్చింది నవల బయటి నుంచి వచ్చిన మాట. అంటే ఫాంటసీకి బయట లోకం లేదనుకోవడమే సరికాదు. బయట ఉంది. కాకపోతే బస్సు ఏ దారిన పోతుందో అని కాకుండా, మనిషి ఏ దారిన పోతాడో అని ఆ బయటితో సరిచూసుకోవాలి. నమ్మించలేని సంభవం కన్నా నమ్మించగల అసంభవం మేలని అరిస్టాటిల్ అన్నది ఈ అర్థంలోనే అనుకుంటాను. నీడని కోయడం అసంభవం. కోసిన నీడకి పిల్లలు మాలిమి కావడం నమ్మక తప్పదు.

ఇంతటితో ఆపేస్తే ఇది చక్కని కథ అవుతుంది: పల్లెటూరి ఆమె నోటి నుంచి సత్యం వచ్చింది, రచయిత దిద్దుకున్నాడు. దాన్ని నేను అంత తేలిగ్గా నమ్మను. కారణం, మాకు తెలిసిన ఇంకో ఇంట్లో మనిషి నిజంగానే రాలేదు. పెట్టె వచ్చింది. ఆ ఇంటివాళ్ళకి నా రెండో డ్రాఫ్టే నిజం. ఇంకో ఇంట్లో పదిహేనేళ్ళకి వచ్చినవాడు మళ్ళీ పోలేదు, రోడ్డు మీద కిరాణా కొట్టు పెట్టుకుని హాయిగా ఉన్నాడు. వాళ్ళకి మొదటి డ్రాఫ్టు నిజం. చిన్నమ్మ చెప్పింది ఆమె బతుకు. అందరి తరఫునా చెప్పమని ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మరి మూడోది మొదటి రెండింటికన్నా ఏ లెక్కన మెరుగు?

నాకు తోచిన కొలత ఇది. ఫాంటసీలో ప్రతి మాయకీ ఖరీదుండాలని ఆ సాహిత్యం చదివేవాళ్ళందరూ ఒప్పుకుంటారు. ఊరికే వచ్చే వరానికి కథలో బరువుండదు. ఆ లోకంలో అన్నిటికన్నా పెద్ద మాయ మంత్రగాడిది కాదు, తిరగరాసేవాడిది. చచ్చినవాణ్ణి ఒక్క డిలీట్ మీటతో లేపగలడు. ఆ మాయకి కూడా ఖరీదుండాలి కదా? మొదటి డ్రాఫ్టులో అతని రాకకి ఎవరూ ఏమీ చెల్లించలేదు. పన్నెండేళ్ళు ఇల్లు నడిపిన నీడ చడీచప్పుడు లేకుండా కాళ్ళకి అతుక్కుపోయింది, దాని సంగతి ఎవరూ అడగలేదు. రెండో డ్రాఫ్టులో చావు కూడా నాకు ఊరికే వచ్చిందే. చంపితే నవలకి గాంభీర్యం వస్తుందని మనలాంటి పాఠకుల్లో ఒక నమ్మకం ఉంది, దాన్ని అక్కడ నగదు చేసుకోవచ్చు. మూడోదానిలో మాత్రం ఏది జరిగినా ఎవరికో ఒకరికి తగ్గుతుంది. అతను ఉంటే నీడకి, పోతే ఆమెకి, మళ్ళీ వస్తే పిల్లలకి.

ఖరీదంటే రచయిత పడ్డ శ్రమ కాదు. పదకొండు అధ్యాయాలు తిరగరాశాను కాబట్టి ఈ డ్రాఫ్టు నిజమైనది అనే హక్కు నాకు లేదు. ఆరు నెలలు కష్టపడి చెత్త కోడ్ రాయొచ్చు, అది మా వృత్తిలో రోజూ చూసేదే. ఖరీదు పేజీ మీద కనబడాలి, పాత్రల చేతుల్లోంచి పోవాలి.

తిరగరాతకి ఇంకో ముఖం కూడా ఉంది. దానికి పెద్ద ఉదాహరణ మాకు కూతవేటు దూరంలో, వేములవాడలోనే ఉంది. పదో శతాబ్దం నడుమ వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి కన్నడంలో 'విక్రమార్జున విజయం' రాశాడు. అది మహాభారతానికి తిరగరాత. తన రాజుని అర్జునుడితో కలిపేసి రాశాడు, కథ మొత్తం ఆ కలయిక చుట్టూ తిరుగుతుంది. అందుకని ద్రౌపది అయిదుగురికి కాకుండా ఒక్క అర్జునుడికే భార్య అయింది. చివర పట్టాభిషేకం కూడా అర్జునుడికి, పక్కన పట్టపురాణిగా సుభద్ర. కవిగా పంపడి గొప్పదనం గురించి మాట్లాడే స్తోమత నాకు లేదు, కన్నడిగులకి అతను ఆదికవి. నా ప్రశ్న ఈ ఒక్క మార్పు గురించే. అయిదుగురు భర్తల సంగతి వ్యాసభారతంలో ఎప్పుడూ తెగని చిక్కు. సభలో ద్రౌపది వేసే ప్రశ్నకి పెద్దలెవరూ జవాబివ్వలేకపోవడానికి వెనక ఆ చిక్కు కూడా ఉంది. దాన్ని తీసేస్తే కథ నున్నగా అవుతుంది. రాజుగారికి ఇబ్బంది ఉండదు. ఒక కష్టమైన ప్రశ్న మాత్రం కథలోంచి వెళ్ళిపోతుంది.

ఇంకో వింత ఉంది. అదే కావ్యంలో, అదే రాజుని అర్జునుడిగా నిలబెట్టిన పంపడు, అర్జునుడి శత్రువు కర్ణుణ్ణి తగ్గించలేకపోయాడు. కన్నడ సాహిత్యంలో పంపడి కర్ణుడు అంటే ఒక ప్రత్యేకమైన ఆదరం. భారతం తలుచుకునేవాళ్ళు ముందు కర్ణుణ్ణే తలుచుకోవాలన్నంత ప్రేమ ఆ కవికి. కర్ణుణ్ణి చిన్నవాణ్ణి చేస్తే అరికేసరి ఇంకా పెద్దగా కనబడేవాడు కదా? పోషకుడి కోసం ద్రౌపది కథ మారింది, కర్ణుడు మాత్రం మారనన్నాడు. కవి చేతిలో ఉండి కూడా లొంగని పాత్ర అది. ప్రజాపతి ఇష్టానికి హద్దు ఎక్కడో చూడాలంటే ఇలాంటి చోటే చూడాలి. నా మట్టుకు తిరగరాత అంటే ఆ లొంగనిదాన్ని వెతకడం. ప్రతి డ్రాఫ్టులోనూ అన్నీ మార్చి చూడు. దేన్ని మార్చబోతే చెయ్యి ఆగుతుందో, నీ నవల దాని గురించి.

సరే, మారినదాని సంగతేమిటి? పాత డ్రాఫ్టుకి, పాత కూర్పుకి మనం ఏమైనా బాకీ ఉంటామా? అచ్చు కాని డ్రాఫ్టుకి బాకీ లేదనే అనుకుంటాం. కానీ అచ్చయిన పుస్తకాలనే దిద్దినవాళ్ళున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో ధర్మం.

గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మనం ఇవాళ చదివి, ఆడి, సామెతల్లా వాడుకునేది ఆ రెండోదాన్నే. మధురవాణి అంత ఎత్తున నిలబడ్డది అందులోనే. మొదటి కూర్పు పరిశోధకుల చేతుల్లో మిగిలింది. ఇక్కడ కొత్తది పాతదాన్ని మింగేసింది, మనమెవరమూ బాధపడలేదు.

టోల్కీన్ పద్ధతి వేరు. 1937లో వచ్చిన 'ద హాబిట్' మొదటి కూర్పులో గొల్లమ్ అనే జీవి పొడుపుకథల పందెం ఓడిపోయి, పందెంగా పెట్టిన ఉంగరం ఇవ్వలేకపోయినందుకు క్షమాపణ చెప్పి, బిల్బోకి దారి చూపించి మర్యాదగా సాగనంపుతాడు. తర్వాత 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాస్తుంటే ఆ ఉంగరం మనుషుల్ని తినేసే చెడ్డ శక్తి అయి కూర్చుంది. అలాంటి ఉంగరాన్ని గొల్లమ్ మర్యాదగా పందెం ఒడ్డటం కుదరదు. 1951 కూర్పులో ఆ అధ్యాయం మారిపోయింది. మరి పాత పుస్తకం చదివినవాళ్ళ మాటేమిటి? టోల్కీన్ దానికీ కథలోనే చోటిచ్చాడు: పాత కూర్పులోది బిల్బో చెప్పుకున్న అబద్ధం, ఉంగరం మీద తనకే హక్కుందని నిలబెట్టుకోడానికి అల్లిన కథ. రచయిత దిద్దుబాటు పాత్ర దోషంగా మారింది. ఆ చిన్న అబద్ధంతోనే ఉంగరం బిల్బో మీద పని మొదలుపెట్టిందని తెలుస్తుంది. పాత కూర్పు చెత్తబుట్టలోకి పోకుండా సాక్ష్యం అయింది.

అర్సులా లె గ్విన్ దారి ఇంకోటి. ఎర్త్‌సీ మొదటి మూడు నవలలు 1968 నుంచి 1972 లోపు వచ్చాయి. అందులో పెద్ద మాయ అంతా మగవాళ్ళదే, ఆడవాళ్ళ మంత్రం అంటే నీచం. ఆ లోకాన్ని ఆమె తర్వాత ఒప్పుకోలేకపోయింది. పాత పుస్తకాల్లో వాక్యాలు మార్చలేదు. 1990లో 'టెహాను' రాసింది. అదే లోకం, ఈసారి శక్తి పోగొట్టుకున్న మాంత్రికుడు, నడివయసు విధవరాలు, కాలిన ముఖంతో ఒక పసిపిల్ల. పాత పుస్తకాలు అలాగే ఉన్నాయి, వాటి మీద పడే వెలుతురు మారింది.

ఈ ముగ్గుర్లో ఎవరిది న్యాయం అని తీర్పు చెప్పలేను. ఒక తేడా మాత్రం గమనించాను. గురజాడ దిద్దింది నాటకాన్ని. టోల్కీన్, లె గ్విన్ దిద్దింది లోకాన్ని. నాటకం మెరుగైతే పాతది మర్చిపోవచ్చు. లోకాన్ని నమ్మినవాళ్ళు మాత్రం అందులో కొన్నాళ్ళు ఉండి వచ్చారు. ఉన్నచోటు ఎప్పుడూ లేదనడం వాళ్ళ పట్ల మర్యాద కాదు.

దీనికంతటికీ ఎదురు నిలబడేవాళ్ళు మా ఊళ్ళ చుట్టూనే ఉన్నారు. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే ఒగ్గు కళాకారులు. పద్మశాలీలకి మార్కండేయ పురాణాన్ని పటం విప్పి చెప్పే కూనపులివారు. పటం మీద బొమ్మ మారదు, నోటిమాట మాత్రం ప్రతి రాత్రీ మారుతుంది. ఎదురుగా పసిపిల్లలుంటే ఒక చోట సాగదీస్తారు, ఈమధ్యే చావు జరిగిన ఇంటివాళ్ళు కూర్చుంటే ఇంకో చోట తగ్గిస్తారు. వాళ్ళకి డ్రాఫ్టు లేదు, తుదిరూపం లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఎందుకంటే ముఖాలు ఎదురుగా ఉన్నాయి. మనకి ముఖాలు లేవు, స్క్రీన్ ఉంది. మన తిరగరాతంతా ఆ లేని ముఖాలని ఊహించుకునే ప్రయత్నమేమో. అలా అయితే చిన్నమ్మకి నోటితో చెప్పిన ఆ సాయంత్రం జరిగింది ఎడిటింగ్ కన్నా పాత పని. ఒక ముఖం ముందు కథ మారింది, అంతే.

ఇంత దిద్దడానికి చివరెక్కడ? సాఫ్ట్‌వేర్‌లో పాత రూపాలన్నీ దాచుకునే గిట్ ఉంది, ఏ కమిట్‌కైనా వెనక్కి పోవచ్చు. నవల రాసేవాడికి అది వరమూ శాపమూ. ఏదీ పోదు కాబట్టి ఏదీ తేలదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ ఏకాంతంలో సరస్వతికి ఒక కథ కల్పించి చెబుతాడు. చెప్పాడు కాబట్టి అది లోకంలో జరిగి తీరుతుంది. పదహారో శతాబ్దపు ఆ కావ్యం కన్నా పెద్ద ఫాంటసీ మన భాషలో ఉందా అంటే నాకు అనుమానమే. అందులో నన్ను పట్టుకున్న విషయం బ్రహ్మకి రెండో డ్రాఫ్టు లేకపోవడం. నోరు జారితే నిజమైపోయే రచయిత అతను. మనకి అంత శక్తి లేదు, అందుకే అంత భయమూ లేదు. ఆ భయంలో కొంచెం అయినా తెచ్చుకోవాలి అనిపిస్తుంది, ఈ వాక్యం రాస్తే ఎక్కడో ఒకరికి ఇది జరుగుతుంది అన్నట్టు.

టోల్కీన్ 1960లో 'ద హాబిట్'ని మొత్తం పెద్ద నవల ధోరణిలోకి తిరగరాయబోయి, కొన్ని అధ్యాయాల తర్వాత వదిలేశాడు. ఆ పుస్తకం ఆ పుస్తకంలా ఉండటం మానేస్తోంది. దిద్దుబాటు ఎప్పుడు ఆపాలో చెప్పే సూత్రం నా దగ్గర లేదు కానీ ఒక ప్రశ్న ఉంది. ఈ మార్పు కథలోని మనుషులకి బరువు పెంచుతోందా, లేక రేపు ఎవరో ఏదో అంటారని నన్ను కాపాడుతోందా? రెండోదైతే ఫైల్ మూసేయడమే.

నాలుగో డ్రాఫ్టులో మూడు ముగింపులూ ఉన్నాయి. నీడ పరుగెత్తుకెళ్ళి అతుక్కునే మొదటిది, ఊళ్ళో ముసలివాళ్ళు పిల్లల్ని నిద్రపుచ్చడానికి చెప్పే కథ అయింది. రెండోది ఇసుకసంద్రం మీది నుంచి వచ్చే పుకారు అయింది, నిజమో కాదో తెలియని కబురు. మూడోది జరిగేది. మా వైపు ఏ వాడకట్టులో చూసినా ఈ మూడూ ఒకేసారి వినబడతాయి కాబట్టి ఇది ఎగవేత కాదనుకుంటున్నాను. అయినా అనుమానం ఉంది. మూడింటినీ ఉంచుకోవడం రచయితకి సుఖం. నవలలో ఆమెకి ఆ సుఖం లేదు. పుకారు వచ్చిన రాత్రి నీడ ఇంకా ఇంట్లోనే ఉంది, కానీ పల్చబడింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఎన్ని కంచాలు పెట్టాలో ఆమె తేల్చుకోవాలి. ఆ పేరా ఇప్పటికి తొమ్మిదిసార్లు రాశాను, ఇంకా తేలలేదు.